ఆ ఊళ్లో ఇళ్ల తాళాలు ఎవరి చేతిలో ఉండేవి?

ఇంగ్లండ్ దక్షిణ తీరాన డోర్సెట్ కౌంటీలో టైన్‌హామ్ అని ఒక చిన్న ఊరు ఉండేది. 1943 డిసెంబర్‌లో, క్రిస్మస్ ఇంకో వారం ఉందనగా, ఆ ఊరిని మొత్తం ఖాళీ చేయించారు. యుద్ధం నడుస్తోంది, ట్యాంకుల ఫైరింగ్ ప్రాక్టీసుకి సైన్యానికి జాగా కావాలి, నెల రోజులు గడువిచ్చారు, సుమారు 225 మంది సామాన్లు కట్టుకుని వెళ్లిపోయారు. వెళ్లేముందు చర్చి తలుపుకి ఒక కాగితం అంటించారు. చర్చినీ ఇళ్లనీ జాగ్రత్తగా చూసుకోండి, మాలో చాలామంది తరతరాలుగా బతికిన ఇళ్లను యుద్ధం గెలవడం కోసం వదులుకుంటున్నాం, ఏదో ఒక రోజు తిరిగొస్తాం, ఊరిని మంచిగా చూసుకున్నందుకు మీకు థాంక్స్ చెప్తాం అని అందులో రాసుంది.

వాళ్లు తిరిగి రాలేదు. యుద్ధం అయిపోయాక కూడా సైన్యం ఆ ఊరిని వదల్లేదు, 1948లో చట్టప్రకారం సొంతం చేసుకుంది.

ఈ కథ ఇంతవరకూ చాలామందికి తెలుసు. నన్ను పట్టుకున్నది దీని వెనకున్న ఇంకో చిన్న సంగతి. ఊరు పోయినందుకు ఆ జనానికి వచ్చిన నష్టపరిహారం ఎంతో తెలుసా? పెరట్లో వేసుకున్న కూరగాయల ఖరీదు. అంతే. ఎందుకంటే ఇళ్లు వాళ్లవి కావు, నేల వాళ్లది కాదు, ఊరంతా ఒకే భూస్వామి కుటుంబానిది. చర్చి తలుపు మీది ఆ కాగితం ఎవరి తరఫున ‘మా ఇళ్లు’ అందో వాళ్లకి, దస్తావేజుల ప్రకారం వాళ్లదని చెప్పుకోడానికి మిగిలింది క్యాబేజీలూ బంగాళాదుంపలే.

పాత ఇంగ్లిష్ పల్లెల జ్ఞాపకాలు ఎప్పుడు చదివినా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకాయన చెప్తే అది స్వర్గం: తలుపులకి తాళాలు వేసేవాళ్లం కాదు, అందరూ అందరికీ తెలుసు, పొద్దున్న వెళ్లి చీకటి పడేదాకా పొలాల్లో ఆడుకునేవాళ్లం. అదే ఊళ్లో, అదే ఏళ్లలో బతికిన ఇంకొకాయన చెప్తే, నోరెత్తితే ఇల్లు పోతుందన్న భయం, ఎదురుపడితే టోపీ తీసి నిలబడాల్సిన మనుషులు, పద్నాలుగేళ్లకే చదువు బంద్. ఎవరు అబద్ధం చెప్తున్నారు? ఎవరూ చెప్పట్లేదని నా నమ్మకం. ఆ ఆప్యాయతా ఆ భయమూ ఒకే వేరు నుంచి వచ్చాయి. ఆ వేరు పేరు ఇల్లు.

కొంచెం వెనక్కి వెళ్లాలి. ఇంగ్లండ్‌లో పేదవాళ్ల పోషణ ఖర్చు ఒకప్పుడు ఏ పారిష్‌ది ఆ పారిష్ భరించాలి. పారిష్ అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊరూ దాని పొలాలూ. ఆ ఖర్చుకి వేసే పన్ను భారం చివరికి పడేది భూమి ఉన్నవాళ్ల మీద. కాబట్టి పారిష్ మొత్తం ఒకే భూస్వామి చేతిలో ఉంటే ఆయనకి సులువైన లెక్క ఒకటుంది: ఇళ్లు తక్కువగా ఉంచు, పేదవాళ్లు తక్కువగా ఉంటారు, పన్ను తగ్గుతుంది. పొలం పనికి కూలీలు కావాలి కదా అంటే, పక్క ఊరి నుంచి మైళ్లు నడిచి వస్తారు. ఇలా కట్టడి చేసినవాటికి ‘మూసిన ఊళ్లు’ అని పేరు. భూమి చిన్నచిన్న ముక్కలుగా చాలామంది చేతుల్లో ఉండి, ఎవరు పడితే వాళ్లు గుడిసె వేసుకోగలిగినవి ‘తెరిచిన ఊళ్లు’. ఆ పన్ను లెక్కని 1865లో చట్టం మార్చేసింది, పేదల ఖర్చుని కొన్ని పారిష్‌లు కలిసి పంచుకోవాలంది. కానీ అప్పటికే ఊళ్లు ఆ అచ్చులో తయారైపోయాయి, ఆ తర్వాత చాలా కాలం అలాగే ఉండిపోయాయి.

మూసిన ఊళ్లో ఇళ్లు చక్కగా ఒకే తీరున ఉండేవి, తలుపులకి ఒకటే రంగు, వీధి శుభ్రం. భూస్వామికి ఇష్టం లేకపోతే పబ్ ఉండేది కాదు, మెథడిస్టుల (అధికారిక చర్చి నుంచి విడిపోయిన క్రైస్తవ శాఖ) ప్రార్థన మందిరం ఉండేది కాదు. తెరిచిన ఊరు ఇరుకుగా, కంగాళీగా ఉండేది కానీ అక్కడ నాలుగు పబ్బులుండేవి, చెప్పులు కుట్టేవాడూ వడ్రంగీ తమ కాళ్ల మీద తాము నిలబడేవాళ్లు, ఎవరికి నచ్చిన చోట వాళ్లు ప్రార్థన చేసుకునేవాళ్లు. ఇవాళ మనవాళ్లు వీకెండ్‌కి వెళ్లి ఫోటోలు దిగే అందమైన ఊళ్లలో కొన్ని ఆ మూసిన రకానివే. టైన్‌హామ్ ఉన్న డోర్సెట్‌లోనే మిల్టన్ ఆబస్ అనే ఊరు చూడండి, రోడ్డుకి రెండు వైపులా ఒకే అచ్చులో పోసినట్టు తెల్ల గోడలు, పూరి కప్పులు, ముందు పచ్చిక. కన్ను తిప్పుకోలేం. 18వ శతాబ్దంలో లార్డ్ మిల్టన్ తన భవనం పక్కన ఒక పాత పట్నం ఉండడం ఇష్టం లేక దాన్ని పడగొట్టించి, జనాన్ని కొండ మలుపు అవతల కనపడకుండా ఈ కొత్త ఊళ్లో పెట్టించాడు. బయటికి ఒక్క ఇల్లులా కనపడే ఆ ఒక్కో కాటేజీని రెండు కుటుంబాల కోసం కట్టారు.

సరే, ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం, జనం నోట విన్న జ్ఞాపకాలన్నీ ఇక్కడివే కాబట్టి. ఆ జ్ఞాపకాల్లో పదేపదే వచ్చే మాట ‘టైడ్ కాటేజ్’. అంటే పనితో ముడిపెట్టిన ఇల్లు. రైతు దగ్గర పాలేరుగా చేరితే ఆ రైతు తన కాటేజీ ఒకటి ఇస్తాడు, అద్దె నామమాత్రం, జీతంలోంచి కొద్దిగా పట్టుకుంటాడు. పని ఉన్నన్నాళ్లూ ఇల్లు. పని పోతే ఇల్లు పోతుంది. జబ్బు చేసి మంచాన పడినా, ముసలితనం వచ్చినా, గుర్రం తన్ని కాలు విరిగినా అంతే. మొగుడు చచ్చిపోతే ఆ ఇల్లాలు పిల్లల్ని వెంటేసుకుని ఎప్పుడు ఖాళీ చేయాల్సి వస్తుందో అని గుండె చిక్కబట్టుకుని ఉండాలి, ఎందుకంటే ఆ స్థానంలోకి కొత్తగా వచ్చే పాలేరుకి ఇల్లు కావాలి.

రైతు వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. తెల్లారకముందే ఆవుల పాలు పితకాలి, చలికాలం అర్ధరాత్రి గొర్రె ఈనితే మనిషి దగ్గరుండాలి. పశువుల కాపరి పొలం పక్కనే ఉండకపోతే పని సాగదు. పాత కాపరి ఇల్లు ఖాళీ చేయకపోతే కొత్తవాడు ఎక్కడుంటాడు? చాలామంది రైతులు ముసలివాళ్లని వెళ్లగొట్టకుండా ఏదో ఒక పని చూపించి ఉంచుకున్నారు, ఆ మంచితనం కూడా జ్ఞాపకాల్లో ఉంది. కానీ అది ఆయన దయ, అడిగి తీసుకునే హక్కు కాదు. ఈ తేడా పిల్లలకి తెలియదు. రాత్రి పిల్లలు పడుకున్నాక అమ్మానాన్నలు గుసగుసగా మాట్లాడుకునే విషయం అది. అరవై ఏళ్ల తర్వాత మనకి జ్ఞాపకాలు చెప్పింది ఎక్కువగా ఆ నిద్రపోయిన పిల్లలు. అందుకే నాకు ఆ తియ్యటి జ్ఞాపకాల మీద కోపం రాదు. వాటిని చదివేటప్పుడు ఇది ఎన్నేళ్ల వయసులో చూసింది అని ఒక్కసారి అడుక్కుంటే చాలు.

పెద్దవాళ్ల వైపు నుంచి ఊరు ఎలా ఉండేదో చూడాలంటే సోమవారం చూడాలి. సోమవారం బట్టలుతికే రోజు, ఇంగ్లండ్ అంతటా. ఊరికి కుళాయిలు లేవు. బావి దగ్గర్నుంచో చేతిపంపు దగ్గర్నుంచో కావడి వేసుకుని రెండు బకెట్లు మోసుకురావాలి, అక్కడా కావడే, భుజాలకి సరిపోయేలా చెక్కిన కర్ర, రెండు వైపులా గొలుసులు. ఉతకడానికి మాత్రం వాన నీళ్లు మంచివని చూరు కింద పీపాల్లో పట్టి ఉంచేవాళ్లు. పొద్దున్నే లేచి, ఇటుకలతో కట్టిన పొయ్యిలో దిగేసిన పెద్ద రాగి కాగు కింద మంట వేసి, నీళ్లు మరిగించి, తెల్లబట్టలు ముందు, మురికి పని బట్టలు చివర. పొడుగాటి చెక్క కాడతో తొట్టిలో బట్టల్ని తిప్పి తిప్పి, చేతులతో రుద్ది, జాడించి, రెండు చెక్క రోలర్లున్న మరలో వేసి నీళ్లు పిండేవాళ్లు, ఆ మర హ్యాండిల్ తిప్పడం బడికి సెలవున్న పిల్లల పని. చివరి జాడింపులో నీలిమందు. చిన్న గుడ్డ మూటలో కట్టిన నీలిమందు ఉండని నీళ్లలో ఊపితే తెల్లబట్టకి పసుపు ఛాయ పోతుంది. హల్ పట్టణంలో మొదలైన రెకిట్ కంపెనీ సరుకు అది. మన ఇళ్లలో దూలం మీద ఒక మూల డబ్బాలో ఉండే రాబిన్ బ్లూ కూడా ఆ కంపెనీదే. మా అమ్మమ్మ పంచెలు తెల్లబడడానికి వాడిందీ, నార్ఫోక్ పల్లెలో ఒక పాలేరు పెళ్లాం దుప్పట్లకి వాడిందీ ఒకటే నీలం. అక్కడ దానికి ఇంకో ఉపయోగం కూడా ఉండేది, పిల్లలకి కందిరీగ కుడితే ఆ తడి మూట తీసి కుట్టినచోట అద్దేవాళ్లు. పెద్దవాళ్లయ్యాక బట్టల రోజు ఎంత చాకిరీనో మర్చిపోయినవాళ్లు కూడా చేతి మీద ఆ నీలం మచ్చని మర్చిపోలేదు.

ఆరోజు వంటకి తీరిక ఉండదు కాబట్టి ఆదివారం మాంసంలో మిగిలిన చల్లటి ముక్కలే భోజనం. వాన పడితే తడిబట్టలన్నీ ఒక్కటే గదిలో పొయ్యి చుట్టూ వేలాడేవి, మొగుడు పొలం నుంచి తడిసి వచ్చి వాటి మధ్య కూర్చోవాలి.

మరి ఆ ఆప్యాయత ఎక్కడ్నుంచి వచ్చింది? పందిని చూడండి. చాలా ఇళ్ల పెరట్లో ఒక పందిని పెంచేవాళ్లు, ఇంట్లో తొక్కలూ తిండి మిగుళ్లూ దానికే. చలికాలంలో కోసేవాళ్లు. తొడల్నీ పక్కల్నీ ఉప్పులో ఊరబెడితే నెలల తరబడి ఉంటాయి, కానీ కాలేయం లాంటి లోపలి భాగాలు వెంటనే తినేయాలి. ఫ్రిజ్ లేదు. కాబట్టి పళ్లెంలో పెట్టి ఇరుగుపొరుగుకి పంపేవాళ్లు, వాళ్లు తమ పందిని కోసినప్పుడు తిరిగి పంపుతారు. లింకన్‌షైర్ వైపు ఆ పళ్లేన్ని కడక్కుండానే తిరిగివ్వాలని ఒక ఆచారం, కడిగితే ఉప్పేసిన మాంసం చెడిపోతుందని నమ్మేవాళ్లు. నాకు ఈ పళ్లెం చాలా ఇష్టం. ఊరి స్నేహం అంటే ఏమిటో ఇందులో కనిపిస్తుంది: మనసు మంచిదే, దాంతోపాటు అవసరం కూడా. పక్కింటివాళ్లతో మాటలు మానేస్తే చలికాలమంతా దొరికే తాజా మాంసం మానేసుకున్నట్టే. కుందేళ్ల సంగతీ అంతే, కోతల్లో పొలం మధ్యలో చివరి గోధుమ మడి మిగిలినప్పుడు అందులో దాక్కున్న కుందేళ్లు బయటికి దూకుతాయి, కర్రలు పట్టుకుని చుట్టూ నిలబడ్డ పిల్లలకి అది పండగ, తల్లులకి ఆ రాత్రి కూర. 1953లో కుందేళ్లకి మిక్సమటోసిస్ అనే రోగం కెంట్‌లో మొదలై రెండేళ్లలో దేశంలో దాదాపు అన్నిట్నీ చంపేసింది. ఆ ఆట అక్కడితో పోయింది.

డబ్బు లెక్క కూడా తెలియాలి. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. మన అణాలు 1957లో పోతే వాళ్లు 1971 ఫిబ్రవరి 15 దాకా ఇలాగే లెక్కపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వ్యవసాయ కూలీకి ప్రభుత్వం కనీస వేతనం పెట్టింది, 1921లో తీసేసింది, జీతాలు ధబీమని పడ్డాయి. 1923లో నార్ఫోక్ కూలీలు సమ్మె చేశారు, చివరికి వారానికి 50 గంటల పనికి 25 షిల్లింగుల దగ్గర తెగింది. ఆ మరుసటి ఏడాది వేతన బోర్డుల చట్టం వచ్చింది. సమ్మెలో దిగినవాడి ధైర్యం ఎంతదో అర్థం కావాలంటే టైడ్ కాటేజ్‌ని మళ్లీ గుర్తుచేసుకోవాలి. జీతం ఒక్కటే పణంగా పెట్టలేదు ఆయన, పిల్లల నెత్తి మీద కప్పు కూడా పెట్టాడు. ఇలాంటి సంఘాలు నడిపినవాళ్లలో చాలామంది మెథడిస్టు బోధకులు కావడం కూడా ఊరికే జరగలేదు. 1872లో వార్విక్‌షైర్‌లోని వెల్స్‌బోర్న్‌లో చెట్టు కింద కూలీల సభ పెట్టి జాతీయ సంఘానికి పునాది వేసిన జోసెఫ్ ఆర్చ్ అలాంటివాడే. పెద్ద చర్చిలో ముందు వరస భూస్వామిది, మెథడిస్టుల చిన్న మందిరంలో కూలీవాడు లేచి నిలబడి మాట్లాడ్డం నేర్చుకున్నాడు.

ఇల్లు, భూమి, చర్చి, బడి అన్నీ ఒకే ముడిగా ఎలా ఉండేవో కళ్లకి కట్టే ఊరు ఒకటుంది, నార్ఫోక్‌లోని బర్స్టన్. అక్కడి బడిలో టామ్ హిగ్డన్, ఆయన భార్య ఆనీ టీచర్లు. పిల్లల్ని పొలం పనులకి లాక్కెళ్తుంటే వీళ్లు అడ్డుపడ్డారు, టామ్ కూలీల సంఘంలో పనిచేసేవాడు, 1913లో పారిష్ కౌన్సిల్ ఎన్నికల్లో కూలీలతో కలిసి నిలబడి గెలిచాడు, చర్చి పాదిరి ఓడిపోయాడు. ఆ పాదిరే బడి కమిటీకి పెద్ద. ఇక ఫిర్యాదులు మొదలయ్యాయి. వానలో తడిసి నడిచొచ్చిన పిల్లల బట్టలు ఆరబెట్టడానికి అనుమతి లేకుండా పొయ్యి వెలిగించారన్నది కూడా ఒక నేరమే. చివరికి ఇద్దర్నీ ఉద్యోగం నుంచి తీసేశారు. 1914 ఏప్రిల్ 1న బడిలోని 72 మంది పిల్లల్లో 66 మంది బయటికి నడిచారు, వయొలెట్ పాటర్ అనే అమ్మాయి ముందు నడిచింది, మా టీచర్లు మాకు కావాలని అట్టల మీద రాసి ఊరంతా ఊరేగింపు. పాఠాలు ముందు ఊరి మధ్య పచ్చిక మీద, తర్వాత ఒక వడ్రంగి షెడ్డులో సాగాయి. తల్లిదండ్రులకి జరిమానాలు పడ్డాయి, చందాలేసుకుని కట్టారు. చర్చికి చెందిన నేలని కౌలుకి చేసుకుంటున్నవాళ్లని పాదిరి ఖాళీ చేయించాలని చూశాడు, చూశారా, మళ్లీ అదే తాళం చెవి. దేశమంతా కార్మిక సంఘాలు చందాలిస్తే 1917లో కొత్త బడి కట్టారు, దాని ముందు గోడ రాళ్ల మీద ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కారు, ఇప్పటికీ చదవొచ్చు. పాతికేళ్లు నడిచిందా సమ్మె బడి. 1939లో టామ్ పోయాక మూసేశారు. ఆ రాళ్ల మీద గనికార్మికుల, రైల్వే కార్మికుల సంఘాల పేర్లు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. ఊళ్లో దిక్కు లేని చోట బయటివాళ్లు దిక్కయ్యారు.

ఈ ముడి ఎలా విడిపోయింది? ఒక్క దెబ్బతో విడిపోలేదు. 1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలవగానే, బాంబుల భయంతో, మొదటి కొద్ది రోజుల్లోనే సుమారు 15 లక్షల మంది, ఎక్కువమంది పిల్లలు, నగరాల నుంచి ఊళ్లకి వచ్చిపడ్డారు, అప్పుడు నగరాలవాళ్లకి ఊళ్ల పేదరికం, ఊళ్లవాళ్లకి నగరాల పేదరికం కంటపడ్డాయి. పెరటి చివర బకెట్ మరుగుదొడ్డి చూసి బిక్కచచ్చిన పిల్లల కథలు బోలెడు. 1944లో పల్లెలకి మంచినీళ్లూ డ్రైనేజీ కోసం చట్టం వచ్చింది, 1947లో బడి వదిలే వయసు 14 నుంచి 15కి పెరిగింది. అన్నిటికన్నా పెద్దది 1948 జూలై 5. ఆ రోజు ఎన్‌హెచ్‌ఎస్, అంటే అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ వ్యవస్థ, మొదలైంది. అంతకుముందు 1911 నాటి బీమా కూలీకి వర్తించేది కానీ అతని భార్యకీ పిల్లలకీ కాదు. డాక్టర్ ఫీజు అంటే టెన్షన్, అందుకే ఊళ్లో నర్సు కోసం జనం వారానికి కొన్ని పెన్నీలు చందా కట్టేవాళ్లు, ఆవిడ సైకిల్ మీద తిరిగి పురుళ్లు పోసేది. ఆ జూలైలో ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోకుండా ఓర్చుకున్న జబ్బులతో ఆడవాళ్లు డాక్టర్ల దగ్గరికి వచ్చారు. పందిని కోసిన రోజు పళ్లెంలో వేడివేడిగా మాంసం పంపిన చేతులే ఇవి. ఆ స్నేహం వాళ్ల నొప్పిని తగ్గించలేకపోయింది, ఈ చట్టం తగ్గించింది. పాత ఊరి ఆప్యాయత పోయిందని ఎవరైనా బాధపడితే నేనూ బాధపడతాను, కానీ ఈ ఆడవాళ్లని పక్కన పెట్టి బాధపడలేను.

ఇక ట్రాక్టర్. 1946 నుంచి కోవెంట్రీలో తయారైన చిన్న బూడిదరంగు ఫెర్గూసన్ పదేళ్లలో 5 లక్షలకి పైగా బయటికొచ్చింది. గుర్రాలు పోయాయి, గుర్రాలతో పాటు వాటిని తోలేవాళ్లు, కమ్మరి, జీను కుట్టేవాడు. ఊరి చివర కౌన్సిల్ ఇళ్లు, అంటే స్థానిక ప్రభుత్వం కట్టి అద్దెకిచ్చే ఇళ్లు, లేచాయి. పాలేరు కొడుకు ఫ్యాక్టరీ పనికి బస్సెక్కి వెళ్లి కౌన్సిల్ ఇంట్లో ఉంటే ఇక రైతుకి టోపీ తీయక్కర్లేదు. 1963లో రైల్వేల మీద వచ్చిన బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూసేయమంది, చాలా ఊళ్లకి రైలు పోయింది, కారు లేనివాళ్లు ఇరుక్కుపోయారు.

టైడ్ కాటేజ్‌లో ఉన్న వ్యవసాయ కూలీని పని పోయినంత మాత్రాన వీధిలో పడేయకుండా రక్షించే చట్టం ఎప్పుడొచ్చిందో తెలుసా? 1976. మనిషి చంద్రుడి మీద నడిచిన ఏడేళ్ల తర్వాత. తరాల తరబడి వాళ్ల సంఘం కొట్లాడితే వచ్చింది. అప్పటికి పొలాల్లో కూలీలే బాగా తగ్గిపోయారు. ఖాళీ అయిన కాటేజీలు నగరాల వాళ్లు కొన్నారు, రెండు మూడు ఇళ్ల మధ్య గోడలు కొట్టేసి ఒక్కటి చేసుకున్నారు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకి ఇప్పుడు అక్కడ ఇల్లు కొనే స్తోమత లేదు. భూస్వామి చేతిలో తాళం చెవి పోయి బ్యాంకు చేతికొచ్చింది.

టైన్‌హామ్‌లో ఇప్పుడు ఎవరూ ఉండరు. సైన్యం ఫైరింగ్ లేని వారాంతాల్లో చూడ్డానికి గేటు తెరుస్తారు. ఇళ్లకి కప్పులు లేవు, మొండిగోడలే. బడి మాత్రం సర్ది ఉంచారు, 1932లోనే మూసేసిన బడి అది, లోపలికెళ్తే కోట్లు తగిలించే కొక్కేల పక్కన పిల్లల పేర్లుంటాయి. ఎప్పుడైనా ఆ వైపు వెళ్తే అక్కడ కాసేపు నిలబడండి. మిగతా ఊళ్లలో పూలతీగలు పాకిన పొడుగాటి కాటేజీ కనిపిస్తే ఫోటో తీసుకునే ముందు గోడ వెంట ఒకసారి చూడండి. చాలాచోట్ల ఒక తలుపు పక్కన ఇంకో తలుపు ఉండిన గుర్తు కనిపిస్తుంది, ఇటుకలతో పూడ్చేసి సున్నం వేసి ఉంటుంది. ఆ తలుపు వెనక ఒక కుటుంబం ఉండేది, సోమవారం పూట ఆ గడప మీదుగానే నీళ్ల బకెట్లు లోపలికి వెళ్లేవి.